ద్రాక్ష పందిరి మీద డ్రోన్: ఖర్చెంత, గిట్టేదెంత



ద్రాక్ష తోట మీద డ్రోన్ తిప్పి పంట పరిస్థితిని కనిపెడితే రైతుకు గిట్టుతుందా అన్నది ఇవాళ్టి ముచ్చట. మందు కొట్టే డ్రోన్ సంగతి కాదు, దాని లెక్క వేరు. కెమెరా తగిలించుకుని తోట మీద వరుసగా తిరిగి, రంగుల పటం తయారుచేసి ఇచ్చే డ్రోన్ గురించి మాట్లాడుకుందాం. రైతు మేళాల్లో దాన్ని ఎగరేసి చూపిస్తున్నారు. తెర మీద తోటంతా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నచోట మొక్క నీరసంగా ఉందంటారు. చూసినవాళ్లు ముచ్చటపడతారు. ఎవరో ఒకరు ఎకరాకు ఎంత తీసుకుంటారని అడుగుతారు. దానికి జవాబు వస్తుంది. ఆ డబ్బు పెడితే తిరిగి ఎంత వస్తుందని అడిగితే మాత్రం సూటిగా చెప్పేవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పటం చూశాక రైతు చేసే పని మారాలి, ఆ మారిన పనిలో డబ్బు ఉండాలి. అప్పుడే పటానికి పెట్టిన ఖర్చు వెనక్కి వస్తుంది. ఇది వినడానికి మామూలు మాటలాగే ఉంటుంది గానీ, ఒక్కో దేశంలో ఒక్కో తోటకు దీన్ని అన్వయించి చూస్తే లెక్కలు తారుమారవుతాయి.

ముందు ఆ రంగులు ఎక్కడినుంచి వస్తాయో రెండు ముక్కల్లో చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. మన కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది. ఈ రెంటికీ ఉన్న తేడాను ఒక అంకెగా మారుస్తారు. దాన్ని ఎన్‌డీవీఐ అంటారు. ఆకు దట్టంగా, పచ్చగా ఉంటే అంకె పెరుగుతుంది. పలచబడితే తగ్గుతుంది. అంటే కెమెరా నిజంగా కొలుస్తున్నది ఆకునే. గుత్తి ఎంత తూగుతుందో, కాయ ఎంత తియ్యగా ఉందో, ఆకు ఎందుకు పలచబడిందో ఆ అంకె చెప్పదు. నీళ్లు తక్కువై పలచబడిందా, వేరు కుళ్లిందా, ఆ మూలన నేలే చవుడా? అది తెలుసుకోవడానికి మనిషి నడిచి వెళ్లాల్సిందే.

ద్రాక్ష తోటలను పైనుంచి చూడటం డ్రోన్లతో మొదలుకాలేదు. 1980ల్లో, 90ల్లో కాలిఫోర్నియాలోని నాపా లోయలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు తోటలను తినేసింది. అక్కడ ఎక్కువమంది నమ్ముకున్న అంటు వేరు ఆ పురుగుకు తట్టుకోలేదు. తోటలు పీకి మళ్లీ నాటాల్సి వచ్చింది. అంతా ఒక్కసారి పీకలేరు, కొత్త తోట కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఏ ముక్కను ముందు పీకాలి, ఏ ముక్క ఇంకో రెండేళ్లు కాపు ఇస్తుంది? 1993లో నాసావారి ఏమ్స్ పరిశోధన కేంద్రం, రాబర్ట్ మొండావి వైన్ సంస్థతో కలిసి విమానంలోంచి పరారుణ చిత్రాలు తీసి, ఆకు పలచబడుతున్న మడులను గుర్తించే పని మొదలుపెట్టింది. ఒక్క మడిని ఒక ఏడాది ముందు పీకడమా, తర్వాత పీకడమా అన్నదాని మీదే బోలెడు డబ్బు ఆధారపడి ఉంది గనక అక్కడ చిత్రానికి విలువ వచ్చింది.

తర్వాత అదే చిత్రాలతో ఇంకో పని మొదలైంది. ఒకే తోటలో ఆకు దట్టంగా ఉన్నచోట కాయ, పలచగా ఉన్నచోట కాయ వైన్‌కు ఒకే నాణ్యత ఇవ్వవు. రెంటినీ వేరువేరుగా కోసి, వేరే తొట్లలో పులియబెడితే మంచి భాగం ఖరీదైన సీసాలోకి వెళుతుంది. ఆస్ట్రేలియాలో రాబ్ బ్రామ్లీ అనే శాస్త్రవేత్త ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఒకే తోటలో ఒక మూలకూ ఇంకో మూలకూ దిగుబడి పదిరెట్లు తేడా ఉండొచ్చని, హెక్టారుకు 2 టన్నులు ఒకచోట, 20 టన్నులు మరోచోట రావచ్చని అక్కడి కొలతలు చూపాయి. అంత తేడాను సగటు కింద కలిపేసి కోసుకోవడం వైన్ కంపెనీకి నష్టం. వాళ్లకు పటం అంటే కోత పథకం. ఎక్కడిదాకా ఈ రోజు కోయాలి, ఎక్కడినుంచి వచ్చే వారం కోయాలి అన్న గీత అది.

ఇందులో కూడా ధర సంగతి మరచిపోకూడదు. నాపాలో కాబర్నే సావిన్యోన్ ద్రాక్ష టన్ను ధర ఇటీవలి ఏళ్లలో సగటున 8 వేల డాలర్లు దాటింది. అదే రాష్ట్రంలో లోపలి లోయ మైదానాల్లో పండే మామూలు వైన్ ద్రాక్షకు టన్నుకు వందల డాలర్లే వస్తాయి. డ్రోన్ ఎగరేయడానికి అయ్యే ఖర్చు రెండుచోట్లా దాదాపు ఒకటే. నాపాలో టన్ను విలువ వందోవంతు మెరుగుపడినా ఖర్చు వచ్చేస్తుంది, మైదానాల్లో అది ఏ మూలకూ చాలదు. ఈ తేడా మన దగ్గరా ఉంది. నాసిక్‌లో యూరప్‌కు పంపే గింజలేని ద్రాక్ష ఒక ధర పలికితే, మన సరిహద్దు దాటగానే తెలుగు వినిపించే చిక్కబళ్లాపురం ప్రాంతంలో, రసానికి వెళ్లే బెంగళూరు బ్లూ ధర మరొకటి. ఇద్దరికీ ఒకే రేటు చెప్పే డ్రోన్ సంస్థ ఒకరికి చవక, ఒకరికి భారం.

ఇక డ్రోన్, విమానం, ఉపగ్రహం, ఈ మూడింటిలో ఏది చవక? ఈ ప్రశ్నను నేరుగా పట్టించుకున్న పరిశోధన ఒకటుంది. ఇటలీలో అలెస్సాండ్రో మతేసే, ఆయన తోటివారు ఒకే ద్రాక్ష తోటలను మూడు పద్ధతుల్లోనూ చిత్రించి, ఖర్చులు కూడా లెక్కగట్టి 2015లో ప్రచురించారు. చిన్న విస్తీర్ణంలో డ్రోన్ చవక. 5 హెక్టార్లు, అంటే దరిదాపు పన్నెండున్నర ఎకరాలు దాటాక విమానం, ఆ తర్వాత ఉపగ్రహం చవక అవుతాయని వాళ్లు తేల్చారు. కారణం అర్థం చేసుకోవడం తేలికే. విమానం గాలిలోకి లేవాలంటేనే పెద్ద ఖర్చు, లేచాక పది ఎకరాలు తీసినా వెయ్యి ఎకరాలు తీసినా పెద్ద తేడా లేదు. డ్రోన్‌కు లేవడానికి ఖర్చు తక్కువ, కానీ ఎకరం పెరిగినకొద్దీ బ్యాటరీలు, మనిషి రోజులు పెరుగుతూనే పోతాయి. ఇంకో మాట కూడా వాళ్లు చెప్పారు. తోటలో బాగున్నచోటు, బాగాలేనిచోటు పెద్దపెద్ద మడులుగా విడిపోయి ఉంటే మూడు పద్ధతులూ దాదాపు ఒకే సమాధానం ఇస్తాయి. ముక్కలు ముక్కలుగా ఉంటేనే డ్రోన్ చూపే సూక్ష్మ వివరం పనికొస్తుంది.

ఇది విని మన రైతు సంబరపడవచ్చు. మనవన్నీ రెండు, నాలుగు ఎకరాల తోటలే కదా, 5 హెక్టార్ల లోపే కదా, మనకు డ్రోనే చవక అని. అక్కడే ఆగి చూడాలి. 2015 జూన్‌లోనే యూరప్‌వారు సెంటినెల్-2 అనే ఉపగ్రహాన్ని పంపారు, తర్వాత దానికి జంటను పంపారు. ఆ వరస ఉపగ్రహాలు కలిసి ఒకేచోటిని 5 రోజులకోసారి చూస్తాయి. ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం. అందులో ఒక్కో చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. యూరప్ వైన్ తోటలకు ఈ చుక్క పెద్దది. అక్కడ తీగ నిటారుగా గోడలా పెరుగుతుంది, వరుసకూ వరుసకూ నడుమ గడ్డి ఉంటుంది. ఒక చుక్కలో తీగ కొంత, గడ్డి కొంత పడతాయి. గడ్డి పచ్చగా ఉంటే తోట పచ్చగా ఉన్నట్టు అంకె అబద్ధం చెబుతుంది. డ్రోన్ అయితే 5 సెంటీమీటర్ల చుక్కతో తీగను, గడ్డిని విడదీసి చూపిస్తుంది. ఆ తోటల్లో డ్రోన్‌కు అసలు బలం అదే.

మన పందిరికి వస్తే కథ మారిపోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పేరు మోగిన రోజుల్లో రాతి కడీలు పాతి, తీగెలు అల్లి వేసిన పందిళ్లు గుర్తున్నవారు ఇప్పటికీ ఉంటారు. కొమ్మలు కమ్ముకున్నాక పందిరి పైన ఆకు దుప్పటి పరిచినట్టు ఉంటుంది. పైనుంచి చూస్తే నేల కనపడదు, గడ్డి కనపడదు. ఉపగ్రహం చుక్కలోనూ అంతా ద్రాక్ష ఆకే. అంటే డబ్బు పెట్టి డ్రోన్ ఎగరేసి తెచ్చుకునే పటానికి, ఉచితంగా వచ్చే పటానికి ఉన్న తేడా పందిరి తోటలో బాగా తగ్గిపోతుంది. దానికి తోడు ఆకు మరీ దట్టంగా కమ్ముకున్నచోట ఎన్‌డీవీఐ అంకె ఒక స్థాయి దాటి పెరగడం మానేస్తుంది. బాగా ఉన్నదానికీ, ఇంకా బాగా ఉన్నదానికీ తేడా చూపించదు. కెమెరా ఎంత దగ్గరగా వచ్చి చూసినా ఈ లోపం పోదు.

రెండెకరాల తోట ఉపగ్రహ పటంలో ఎనభై చుక్కలుగా వస్తుంది. అంచుల్లో ఉన్నవి పక్క పొలంతో కలిసిపోతాయి, వాటిని వదిలేసినా ఏ మూల వెనకబడిందో తెలియడానికి మిగిలినవి చాలు. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి, నిజమే. కానీ కాపు కోసం కత్తిరించేది అక్టోబరు ప్రాంతంలో, కోసేది జనవరి నుంచి ఏప్రిల్ మధ్య. మన వైపు ఆకాశం ఎక్కువ రోజులు తేటగా ఉండేది సరిగ్గా ఆ నెలల్లోనే. నాసిక్‌లో చాలామంది ఇప్పుడు పూర్తి పందిరి బదులు ఇంగ్లిషు వై అక్షరం ఆకారంలో తీగను రెండు పక్కలకు చాపుతున్నారు. అందులో వరుసల నడుమ సందు కనిపిస్తుంది గనక డ్రోన్‌కు కాస్త పని ఉంటుంది. అంటే మీ తోటకు డ్రోన్ అవసరమా కాదా అన్నది కొంతవరకు మీరు తీగను ఎలా పాకించారన్నదే తేలుస్తుంది. అమ్మేవాళ్లు ఈ ముక్క అడగగా నేను చూడలేదు.

పందిరికి ఇంకో చిక్కు ఉంది. డబ్బు ఆకు పైన లేదు, కిందుంది. గుత్తులు కిందికి వేలాడతాయి. యూరప్‌కు పంపే కాయకు లావు, రంగు, తీపి చూస్తారు. ఆ లావు కోసం రైతు జిబ్బరెల్లిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో గుత్తులు ముంచుతాడు, గుత్తిలో కాయలు పలచన చేయిస్తాడు. ఈ పనులకు కూలీలు తోటలో ప్రతి తీగ దగ్గరా, ప్రతి గుత్తి దగ్గరా ఒక్కసారి కాదు, చాలాసార్లు నిలబడతారు. వందల ఎకరాల తోటలో నెలకోసారి జీపులో తిరిగే ఆస్ట్రేలియా యజమానికి కనపడనిది డ్రోన్ చూపిస్తుంది. రోజూ పందిరి కింద వంగి నడిచే మన రైతుకు అది చూపించే కొత్త సంగతి ఎంత? గుత్తులు లెక్కపెట్టాలన్నా పైనుంచి కుదరదు. కిందినుంచి ఫోన్ కెమెరాతో తీస్తేనే కుదురుతుంది. తోటను గంపగుత్తగా అడగడానికి వచ్చిన వ్యాపారితో బేరమాడేటప్పుడు పనికొచ్చేది ఆ లెక్క.

తెగుళ్ల విషయం కూడా ఇలాగే ఉంటుంది. ద్రాక్షకు పెద్ద శత్రువు బూజు తెగులు. అక్టోబరు కత్తిరింపు తర్వాత పూత దశలో అకాల వాన పడిందంటే గుత్తులకు గుత్తులే మాడిపోతాయి. 2009 నవంబరు వానల తర్వాత మహారాష్ట్ర రైతులు ఆ దెబ్బ తిన్నారు. ఆకు పైన నూనె మరకల్లాంటి పసుపు మచ్చలు పడేసరికి అడుగున తెల్ల బూజు తయారవుతుంది. పైనుంచి చూసే కెమెరాకు తేడా తెలిసేసరికి మందు కొట్టాల్సిన అదను దాటిపోతుంది. అందుకే బూజు తెగులుకు రైతు ముందుజాగ్రత్తగా కొడతాడు, వాన, ఆకు తడి, చలి చూసి కొడతాడు. ఆ కబురు చెప్పేది తోటలో పెట్టుకున్న వాతావరణ యంత్రం, ఆకు తడిని కొలిచే చిన్న పరికరం. ఒకసారి కొంటే రోజంతా పనిచేస్తాయి. నలుగురు రైతులు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. బూజు తెగులు కోసమే డ్రోన్ పెడతానంటే మాత్రం నేను వద్దంటాను.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇవి నేను లెక్క కోసం అనుకుంటున్న అంకెలు. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉంటే అవి వేసుకుని చూడండి. పరారుణ కెమెరా, డ్రోన్, బ్యాటరీలు, కంప్యూటరు కలిపి 15 లక్షలు, నాలుగేళ్లు పనిచేస్తాయనుకుందాం. ఏడాదికి 3 లక్షల 75 వేలు అరుగుదల. పైలట్, సహాయకుడి జీతాలు 4 లక్షలు. మరమ్మతులు, బీమా, కొత్త బ్యాటరీలు లక్షా పాతిక వేలు. ప్రయాణాలు, పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మరో లక్ష. మొత్తం ఏడాదికి 10 లక్షలు. వడ్డీ నేను కలపలేదు, కలిపితే ఇంకా తడిసి మోపెడవుతుంది.

ద్రాక్ష సీజనులో ఆ డ్రోన్‌కు 80 రోజుల పని దొరికిందనుకోండి. రోజుకు 40 ఎకరాలు తీస్తే 3,200 ఎకరాలు. ఎకరాకు ఒక్కసారికి 312 రూపాయలు పడుతుంది. కానీ తోటలు ఒకచోట ఉండవు. ఇక్కడ రెండెకరాలు, నాలుగు కిలోమీటర్ల అవతల మూడెకరాలు. డ్రోన్ గాలిలో ఉండేది ఇరవై నిమిషాలు, బండి రోడ్డు మీద ఉండేది గంట. రోజుకు 20 ఎకరాలే అయితే ఖర్చు 625 రూపాయలకు వెళుతుంది. సొంతంగా కొని, తన నాలుగు ఎకరాల మీదే సీజనుకు ఆరుసార్లు తిప్పుకునే రైతుకు ఎంత పడుతుందో తెలుసా? ఎకరాకు ఒక్కసారికి 41 వేల పైచిలుకు. జీతం లేకుండా ఆయన కొడుకే ఎగరేసినా పాతిక వేలు. సొంత డ్రోన్ అన్న ఆలోచన అక్కడితో సరి.

అద్దెకు పిలిస్తే, లాభం కూడా వేసుకుని ఎకరాకు 700 తీసుకుంటారనుకుందాం. ఆరుసార్లకు 4,200. ఒక్కసారి మందు కొట్టడానికి మందు, డీజిలు, కూలి కలిపి ఎకరాకు 1,500 అవుతుందనుకుంటే, సీజనులో మూడు పిచికారీలు తగ్గితే ఆ డబ్బు వచ్చేసినట్టే. ద్రాక్షకు సీజనులో పదులసార్లు కొడతారు గనక మూడు తగ్గడం పెద్ద విషయం కాదనిపిస్తుంది. డ్రోన్ అమ్మేవారి లెక్కంతా ఈ వాక్యం మీదే నిలబడుతుంది. కానీ పటం చూసి మూడు పిచికారీలు మానేసే గుండె ధైర్యం ఎవరికి ఉంది? ఎకరాకు లక్షలు పెట్టినవాడు 1,500 మిగుల్చుకోవడానికి పంటను పణంగా పెట్టడు. తగ్గించినా మచ్చ ఉన్నచోట కొట్టి మిగతాచోట వదిలేయాలి. ట్రాక్టరుకు తగిలించిన బ్లోయర్ వరుస పొడుగునా కొట్టుకుపోతుంది, దానికి మచ్చలు తెలియవు.

నీళ్లకూ ఇదే ఇబ్బంది. వేడిని కొలిచే కెమెరాతో ఏ తీగ దప్పికతో ఉందో పట్టుకోవచ్చు, అందులో సందేహం లేదు. పటం సెంటీమీటర్ల లెక్కలో చూపిస్తుంది. మీ డ్రిప్పు వాల్వు అరెకరానికి ఒకటి. అరెకరంలో నాలుగు తీగలకు మాత్రం ఎక్కువ నీళ్లివ్వడం మీ చేతుల్లో లేదు. చూపుకు తగ్గ చేయి లేనప్పుడు ఆ చూపు కోసం ఖర్చు పెట్టడం వృథా. ముందు వాల్వుల మీద పెట్టండి ఆ డబ్బు.

మరి ప్రభుత్వం రాయితీలు ఇస్తోంది కదా అంటారు. ఇస్తోంది. 2021 ఆగస్టులో డ్రోన్ నియమాలను బాగా సడలించారు. 2022 జనవరిలో వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ప్రదర్శనల కోసం కొంటే ధరలో 75 శాతం వరకు, అద్దె యంత్రాల కేంద్రాలకు 40 శాతం వరకు సాయం ప్రకటించారు. 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకం వచ్చింది. 15 వేల స్వయం సహాయక సంఘాల మహిళలకు, 80 శాతం రాయితీ, 8 లక్షలకు మించకుండా. కానీ ఆ అక్కచెల్లెళ్లు ప్రధానంగా నడిపేది మందు, ద్రవ ఎరువు కొట్టే డ్రోన్లను. వరి మీద, మిరప మీద ఎకరాకు ఇంతని తీసుకుని కొడితే సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది. పటం తీసి ఇస్తామంటే అంత సులువుగా ఇచ్చేవాళ్లు లేరు. ఏ పనికి రైతు అడగకుండానే డబ్బు తీస్తాడో మార్కెట్ ఇప్పటికే చెప్పేసింది. మరోపక్క 2022 ఫిబ్రవరిలో విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని ఆపేశారు. దేశీయ పరిశ్రమకు అది మేలే కావచ్చు. చవకగా వచ్చే పరారుణ కెమెరా డ్రోన్లు మాత్రం మన రైతుకు దూరమయ్యాయి.

అనుమతుల సంగతి ఒకటుంది, అందులో కొంచెం వింత కూడా ఉంది. నాసిక్ ద్రాక్ష సీమ నడిబొడ్డున, నిఫాడ్ తాలూకాలో ఓఝర్ విమానాశ్రయం ఉంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌వారి యుద్ధ విమానాల కర్మాగారం అక్కడే. విమానాశ్రయం చుట్టూ 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోన్ లేవకూడదు, 12 కిలోమీటర్ల వరకూ ఎత్తు మీద ఆంక్షలున్నాయి. మన వైపూ అంతే. ఒకప్పుడు హైదరాబాద్ ద్రాక్షకు పేరు తెచ్చిన శామీర్‌పేట, మేడ్చల్ వైపు హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు, ఇటు రంగారెడ్డి జిల్లాలో శంషాబాద్. రియల్ ఎస్టేటు వదిలిన కాసిని పందిళ్ల మీద ఎగరాలన్నా ముందు అనుమతి చూసుకోవాలి. అనుమతి కోసం ఆగిన ప్రతి రోజూ డ్రోన్ సంస్థ ఖర్చులో చేరుతుంది, చివరికి మీ రేటులో తేలుతుంది.

ఇంత చెప్పాక, ఇది ఎవరికీ పనికిరాదని అనుకోకండి. తోటకు దూరంగా ఉండి తోట మీద నిర్ణయాలు తీసుకునేవాళ్లకు పటం నిజంగా పనికొస్తుంది. వేలమంది సభ్యులున్న రైతు కంపెనీని తీసుకోండి. నాసిక్ జిల్లా మోహాడీలో సహ్యాద్రి రైతు ఉత్పత్తిదారుల సంస్థ లాంటిది. ఏ ఊరి కాయ ఏ వారం వస్తుంది, ప్యాక్‌హౌస్‌కు ఎంతమంది కూలీలు కావాలి, కంటైనర్లు ఎన్ని బుక్ చేయాలి అన్నది రెండు వారాల ముందు తెలిస్తే అలాంటి సంస్థకు కలిసొచ్చేది చాలా ఉంటుంది. 2023-24లో మన దేశం సుమారు 3 లక్షల 44 వేల టన్నుల ద్రాక్షను, 3,460 కోట్ల రూపాయల విలువకు ఎగుమతి చేసింది. ఇందులో ఓడ ఒక రోజు ఖాళీగా నిలిచినా ఎవరో ఒకరు నష్టపోతారు. 2010లో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే రసాయనం అవశేషాలు ఎక్కువున్నాయని యూరప్ మన సరుకు నిలిపేసినప్పుడు ఏమైందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు గుర్తే. అవశేషాలను డ్రోన్ చూడలేదు, కానీ ఏ తోటలు ఏ దశలో ఉన్నాయో సంస్థ గుప్పిట్లో ఉంటే ప్రయోగశాలకు నమూనాలు ఎక్కడినుంచి, ఎప్పుడు తీయాలో తెలుస్తుంది. అలాంటప్పుడు ఎగరేసే ఖర్చు సంస్థ భరించాలి, రైతు ఖాతాలో వేయకూడదు. తోట ఫొటో తీసుకుని దిగుబడి అంచనా వేసుకునేది కొనుగోలుదారు అయితే ఆ ఫొటో బేరంలో రైతుకు వ్యతిరేకంగా కూడా పనిచేస్తుంది. ఎవరికి ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

వడగళ్ల తర్వాత పనికొస్తుందని చాలామంది అంటారు. 2023 నవంబరు 26న నిఫాడ్ చుట్టుపక్కల వడగళ్లు పడి తోటలు చిరిగిపోయాయి. మరునాడే ఎగరేసి తీసిన చిత్రాలు ఉంటే పరిహారం అడగడానికి ఆధారం ఉంటుంది. కానీ ద్రాక్షకు ఉన్న వాతావరణ ఆధారిత బీమా ప్రధానంగా వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, ఉష్ణోగ్రతలను చూసి చెల్లిస్తుంది, మీ తోట ఫొటోను చూసి కాదు. వడగళ్లకు అదనపు ప్రీమియం కట్టి రక్షణ తీసుకున్నవారికే తోట పరిశీలన ఉంటుంది. కాబట్టి ముందు మీ బీమా కాగితం చదువుకోండి. వడగళ్ల రక్షణ ఉంటే ఒకసారి ఎగరేయించడానికి అర్థం ఉంది.

మరి నాలుగెకరాల రైతు తన జేబులోంచి డబ్బు తీసి ఎగరేయించాల్సిన సందర్భమే లేదా? నాకు తెలిసి ఒకటి గట్టిగా ఉంది. కొత్త తోట. తొమ్మిది అడుగులకు అయిదు అడుగుల ఎడంతో నాటితే ఎకరాకు 968 మొక్కలు పడతాయి. అంటు వేసిన ఏడాది కొన్ని చస్తాయి, కొన్ని అంటు పట్టవు. వందకు అయిదు పోయినా ఎకరాకు నలభై ఎనిమిది ఖాళీలు. ఒక్కో ఖాళీ తోట జీవితమంతా, పదిహేనేళ్లో అంతకన్నా ఎక్కువో, ఏటా కాపు లేకుండా నీళ్లు, పందిరి, చోటు తింటూ ఉంటుంది. అప్పటికి ఆకు కమ్ముకోదు, పందిరి పైకి ఎక్కదు, పైనుంచి చూస్తే ప్రతి మొక్కా విడిగా కనిపిస్తుంది. ఉపగ్రహానికి ఇది చేతకాదు. మనిషి నడిచి లెక్కపెడితే నాలుగెకరాలకు రోజంతా పడుతుంది, మధ్యలో లెక్క తప్పుతుంది కూడా. ఇక్కడ డ్రోన్ ఒక్కసారి తిరిగితే చాలు, పరారుణ కెమెరా కూడా అక్కర్లేదు, మామూలు కెమెరా సరిపోతుంది. పాత తోటలో ఏప్రిల్ కత్తిరింపు తర్వాత పందిరి బోడిగా ఉన్నప్పుడు కూడా ఈ పని చేయించుకోవచ్చు, చచ్చిన మానులు, చిగురు రాని చేతులు తేటగా పడతాయి.

అయితే ఒకటి ముందే మాట్లాడుకోండి. మీకు కావలసింది రంగురంగుల బొమ్మ కాదు, ఏ వరుసలో ఎన్నో మొక్క లేదో చెప్పే జాబితా. ఆ జాబితా చేతిలో పెట్టుకుని నర్సరీకి వెళ్లి సరిగ్గా అన్ని అంట్లే కొనుక్కోవచ్చు, కూలీని సరిగ్గా ఆ గుంట దగ్గరకే పంపవచ్చు. జాబితా ఇస్తామంటే ఎకరాకు అడిగిన రేటు ఇవ్వండి. బొమ్మ మాత్రమే ఇస్తామంటే బేరం సగానికి తేండి. తోటలు పక్కపక్కనే ఉన్న నలుగురైదుగురు ఒకే రోజు పిలిపించుకుంటే, బండి రోడ్డు మీద తిరిగే ఖర్చు తగ్గుతుంది గనక, ఆ రేటు ఇంకా దిగుతుంది.